కృతాకృత వివేకము

సత్యమనగానే మనకు నోటిమాటయే స్ఫురించును. హరిశ్చంద్రుడు జ్ఞప్తికి వచ్చును. కాటికాపరియై నిలిచిన ఆ రాజు పలుకు తప్పకుండుట జ్ఞప్తికి వచ్చును. నోరు మెదపకయే, ఎవనికిని కీడు తలపకయే, కేవలము ఒక గడిలో ఒక అంకె వేయుటచేత అసత్యదోషము సంభవించునా? ఈ ప్రశ్న పూర్వకాలమున కరణములకును, కోశాధికారులకును మాత్రమే పట్టిన ప్రశ్న. నేడు కర్మాగారములలో పనిచేయు వేలకొలది గృహస్థులకు నిత్యమును ఎదురగుచున్నది.

లోకవ్యవహారమున మనము దీనిని అంతగా పట్టించుకొనము. గాజువాక దాటని బస్సులో కూర్చున్నవాడు, ద్వారకా బస్సు స్టేషనులో ఎదురుచూచుచున్న బావకు ఫోనుచేసి "ఇదిగో, వచ్చేశాను బావా" అనును. పండుగకు బట్టలు కుట్టవలసిన దర్జీ, గుడ్డకు కత్తెరయైనను తగిలింపక మునుపే "మీది అయిపోయిందండీ, గుండీలు వేయడమే మిగిలింది" అనును. బావ నవ్వుకొనును; గృహిణి విసుగుకొనును; అంతటితో సరి. ఇది బొంకని ఎవరును వారిని నిలదీయరు. ఏలయన వినువానికి ఈ భాష తెలియును. "వచ్చేశాను" అన్నమాటకు "బయలుదేరితిని" అని అర్థము చెప్పికొనుట అతడు బాల్యముననే నేర్చినాడు.

ఇదే భాష ఉక్కు కర్మాగారపు లెక్కలోనికి ప్రవేశించినపుడు ఏమగునో విచారింపవలసియున్నది.

విశాఖపట్టణము రేవుపట్టణము, ఉక్కుపట్టణము. 1933లో రేవు తెరువబడినది. ఉక్కు కర్మాగారము కొరకు ఆంధ్రులు 1966లో చేసిన మహోద్యమమును, అందు ప్రాణములు గోల్పోయిన వారిని ఈ ప్రాంతమువారు నేటికిని మరువలేదు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1990లో మొదటి ఊదుకొలిమి వెలిగినది. దానికి గోదావరియని పేరు. 1992లో వెలిగిన రెండవదానికి కృష్ణయని పేరు. 2012లో మూడవదియగు అన్నపూర్ణ వచ్చినది. అగ్నిగుండములకు నదుల పేర్లు పెట్టిన వారి భావన మెచ్చదగినది. ఈ పెద్ద కర్మాగారము నీడను, గాజువాక, ఆటోనగరు ప్రాంతములలో, చిన్నవియు నడిమివియు నగు కర్మశాలలు అనేకము బ్రతుకుచున్నవి. చువ్వలు లాగునవి, బోల్టులు చేయునవి, యంత్రభాగములు చెక్కునవి. ఇచ్చట ప్రస్తావింపబోవునది వీనిలో ఏ ఒక్కదానికిని సంబంధించినది కాదు, ఎచ్చటనైనను జరుగదగినది.

నమోదు పద్ధతిని కొంచెము వివరింపవలెను. పెద్ద కర్మాగారములలో నేడు ముడిసరుకు కొనుగోలు మొదలుకొని తయారైన సరుకును ఓడకెక్కించు వరకును గల లెక్కలన్నియు ఒకే కంప్యూటరు వ్యవస్థలో ఇమిడియుండును. దీనిని ఇ.ఆర్.పి. యని వ్యవహరింతురు. 1972లో జర్మనీ దేశమున అయిదుగురు ఇంజనీర్లు ప్రారంభించిన ఎస్.ఏ.పి. సంస్థవారి వ్యవస్థ వీనిలో ప్రసిద్ధము. ఒక వస్తువు ఇంత పరిమాణమున తయారు కావలెనని నిశ్చయింపగానే ఒక ప్రొడక్షన్ ఆర్డరు పుట్టును. ఏ ముడిసరుకు ఎంత కావలెనో, ఏ పని తరువాత ఏ పని జరుగవలెనో, ఏ యంత్రముపై ఎంతకాలము పట్టునో అందు ముందుగానే వ్రాయబడియుండును. పని జరిగినకొలది షిఫ్టు బాధ్యుడు కంప్యూటరు ముందు కూర్చుండి, ఇంత మంచి సరుకు వచ్చినది, ఇంత పాడైనది, ఇంత మరల సరిచేయవలసియున్నది, ఇంత సమయము పట్టినది అని నమోదుచేయును. దీనికి కన్ఫర్మేషన్ అని పేరు. పని ఇంకను మిగిలియున్నచో ఆ నమోదు పాక్షికము. ఇక చేయవలసినది లేదన్నచో అంతిమము. అంతిమమని ఒక్క గుర్తు పెట్టగానే ఆ ఆర్డరుపై పని ముగిసినట్లే వ్యవస్థ భావించును. సరుకు గిడ్డంగి లెక్కలో చేరును. ముడిసరుకు లెక్కలోనుండి తరుగును. అమ్మకపు కార్యాలయమువారి తెరపై ఆ సరుకు ప్రత్యక్షమగును.

మన కర్మకాండతో పరిచయమున్నవారికి ఇందు క్రొత్తయేమియు లేదు. ఆర్డరు సంకల్పము వంటిది. సంకల్పమున మనము "కరిష్యే" అనియే అందుము; చేయుదునని దాని అర్థము. దేశకాలములు చెప్పి, గోత్రనామములు చెప్పి, చేయబోవు కర్మను పేర్కొందుము. చేసితినను మాట పూజాంతముననే గాని ఆదియందు రాదు. ఎంతటి తొందరగల పురోహితుడైనను, నాలుగు పెండ్లిండ్లు ఒకేనాడు ఒప్పుకొన్నవాడైనను, సంకల్పమున "చేసితిని" అని చెప్పించినట్లు ఎవరును వినియుండరు. మంత్రములు మింగుట వేరు సంగతి.

ఇక విషయమునకు వత్తము. ఒక కర్మశాలలో నలుబది టన్నుల ఉక్కుచువ్వ చుట్టలకు ఆర్డరున్నదనుకొందము. నెల చివరిదినము. రాత్రి షిఫ్టు ఉదయము ఆరు గంటలకు ముగియును. అయిదున్నరకు చూడగా ముప్పదియొక్క టన్నులు తయారైనవి. తొమ్మిది టన్నులకు కావలసిన బిల్లెట్లు కొలిమి ప్రక్కననే ఉన్నవి. యంత్రము బాగుగనే నడచుచున్నది. తరువాతి షిఫ్టువారు రెండు మూడు గంటలలో ముగింతురు. కాని నెల లెక్క ఆరు గంటలకే తెగును. పైయధికారి ఫోనుచేసి "నలుబది అయినదా?" అని అడిగినాడు. ఆ అడుగుటలోనే ప్రత్యుత్తరము ఇమిడియున్నది. షిఫ్టు బాధ్యుడు నలుబది వేసి, అంతిమమని గుర్తు పెట్టి, చేతులు కడుగుకొని ఇంటికి పోయినాడు. అతడు దొంగకాడు. ఒక్క రూపాయి అతని జేబులో పడలేదు. పని జరుగునని అతడు నిజముగా నమ్మినాడు. అతడు పలికినది అసత్యమా?

పూర్వపక్షి ఇట్లనును: "ఇందు అసత్యమెక్కడ? జరుగబోవుదానిని జరిగినదనుట భాషాసంప్రదాయమే. సాక్షాత్తు పాణిని మహర్షియే దీనిని అనుమతించినాడు." ఈ మాట త్రోసిపుచ్చదగినది కాదు. అష్టాధ్యాయి మూడవ అధ్యాయమున, వర్తమానమునకు సమీపమున ఉన్న భూతభవిష్యత్తులను వర్తమానమువలె చెప్పవచ్చునని ఒక సూత్రము కలదు. దానిని వెన్నంటియున్న సూత్రము మరింత దూరము పోవును. ఆశంస, అనగా కోరినది లభించునను ఎదురుచూపు, తోచుచుండగా భవిష్యత్తునకును భూతకాల ప్రత్యయము రావచ్చునని చెప్పును. తెలుగుననును "వాన పడినదా, ఇక పంట పండినట్లే" యని రైతు అనును. పంట పండలేదు, వాన కూడ పడలేదు, అయినను రైతు బొంకినవాడు కాడు. షిఫ్టు బాధ్యుడును ఆశంసతోనే గదా నలుబది వేసినాడు?

ఈ వాదమునకు సమాధానము ఆ రైతు మాటలోనే కలదు. "పడినదా" యను మాట అందు కావలికాయుచున్నది. వినువాడు దానిని విని, ఇది ఆశయని గ్రహించును. రైతు ముఖమున ఆకాశమువైపు చూపు కలదు. వినువాడును అదే ఆకాశమును చూచుచున్నాడు. వ్యాకరణము ఇచ్చిన సెలవు ఒకరినొకరు ఎరిగి, ఒకే పరిస్థితిని చూచుచు మాటలాడుకొనువారికి ఇచ్చిన సెలవు. లెక్కలోని గడికి ముఖము లేదు, స్వరము లేదు. నలుబది యను అంకె ప్రక్కన ఆశంసను తెలుపు చిహ్నము లేదు. దానిని చదువువాడు రేవులోనున్నాడు, లేదా హైదరాబాదులోనున్నాడు. అతడు కొలిమిని చూడలేదు, చుట్టలను చూడలేదు, వ్రాసినవానిని ఎరుగడు.

ప్రమాణములను గూర్చి నైయాయికులు చేసిన విచారము ఇచ్చట మనకు ఉపకరించును. కన్నులతో చూచుట ప్రత్యక్షము. పొగను చూచి నిప్పు కలదనుట అనుమానము. చూచుటకును ఊహించుటకును వీలులేనిచోట తెలిసినవాని మాట నమ్మవలసియుండును; అది శబ్దప్రమాణము. ఆ మాటకు ప్రామాణ్యము ఎక్కడనుండి వచ్చును? వక్త ఆప్తుడగుటవలన వచ్చును. ఉన్నది ఉన్నట్లు ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పగోరువాడు ఆప్తుడు. ఆప్తత్వమునకు కులముతోగాని, పాండిత్యముతోగాని పనిలేదని వాత్స్యాయనుడు స్పష్టముగా అంగీకరించినాడు. ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని లక్షణము సమానమే. అట్లయిన, తెల్లవారుజామున అయిదున్నర గంటలకు, చమటతో తడిసిన చొక్కాతో కంప్యూటరు ముందు కూర్చున్న ఆ షిఫ్టు బాధ్యుడు ఎవరు? తరువాతి షిఫ్టువానికి, గిడ్డంగివానికి, లారీవానికి, ఓడలో జాగా కేటాయించినవానికి అతడే ఆప్తుడు. వారికి వేరు ప్రమాణము లేదు. తన్ను వారు ఋషిస్థానమున కూర్చుండబెట్టినారని అతనికి తెలియదు. తెలిసినచో కొంచెము జంకియుండును.

ఇక ఆ తొమ్మిది టన్నుల కథ కొంచెము ముందుకు పోవలెను. తెల్లవారినది. తరువాతి షిఫ్టు మొదలైన అరగంటకు యంత్రమున చువ్వ అడ్డుపడి, మెలికలు తిరిగి, రోలు పగిలినది. బాగుచేయుటకు మూడు దినములు. లెక్కలో మాత్రము నలుబది టన్నులు గిడ్డంగిలో ఉన్నవి. అమ్మకమువారు ఓడకు నలుబది టన్నులు పంపుదుమని మాటయిచ్చినారు. లారీలు వచ్చి నిలిచినవి. గిడ్డంగివాడు లెక్కింపగా ముప్పదియొక్కటి. మొదటి నింద అతనిపై పడినది. రెండవ నింద పగటి షిఫ్టువానిపై పడినది. ఏలయన తొమ్మిది టన్నుల బిల్లెట్లు లెక్కలో ఎన్నడో ఖర్చయిపోయినవి, అతని ముందేమో ఎర్రగా పడియున్నవి. లెక్కలో లేని ఇనుమును దగ్గర ఉంచుకొన్నవాడు లోకమునకు ఎట్లు కన్పట్టును?

అప్పుడు ఒక బుద్ధిమంతుడు ఉపాయము చెప్పినాడు. వేరొక ఆర్డరునకు చేసిన చుట్టలు తొమ్మిది టన్నులు మూలనున్నవి. లావు ఒక్కటే, చూపునకు ఒక్కటే. చీటీలు మార్చిన చాలును. ఇక్కడ ఉక్కు ధర్మము ఒకటి చెప్పవలెను. కన్వర్టరులో ఒకమారు కరగించి పోసిన ఉక్కునకు ఒక సంఖ్య యుండును, హీటు నంబరందురు. అది ఆ ఉక్కునకు గోత్రము వంటిది. అందు కర్బనమెంత, మాంగనీసు ఎంత, గంధకమెంత యనునది ఆ సంఖ్యచేతనే తెలియును. కర్బనము ఎక్కువైన ఉక్కు గట్టిది, పెళుసుది. తక్కువైనది మెత్తనిది, సాగునది. స్ప్రింగునకు తగినది మేకునకు తగదు. వెల్డింగునకు తగినది క్రేను తాటికి తగదు. చీటీ మారుటయనగా గోత్రము మారుటయే. అక్కడనుండి ఆ చువ్వ ఎచ్చటికి పోవును, ఏ తాడై ఏ బరువును ఎత్తును, ఆ బరువు క్రింద ఎవరి బిడ్డ నిలిచియుండును అని చెప్పగలవాడు లేడు. తొమ్మిది టన్నులు ముందుగా వ్రాసిన వానికి ఇదంతయు తెలియదు. అతడు ఆ సమయమున ఇంటిలో నిద్రించుచున్నాడు. అది నిర్దోషియగు వాని నిద్రయే.

ఇట్టి లెక్కల మాయలను మనవారు ఎరుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రము శతాబ్దములపాటు కనుమరుగై, 1905లో మైసూరున రుద్రపట్టణం శామశాస్త్రిగారి చేతికి వచ్చి, 1909లో అచ్చయినది. దాని రెండవ అధికరణమున లెక్కల శాలను గూర్చి, లెక్కలు వ్రాయువారిని గూర్చి విస్తారముగా కలదు. రాజద్రవ్యము హరించు ఉపాయములు నలుబదియని చెప్పి ఆ నలుబదింటిని కౌటిల్యుడు ఒక్కొక్కటిగా పేర్కొనినాడు. చదువువారు బంగారము దొంగిలించుట, తూకములు మార్చుట మొదటనుండునని యెదురుచూతురు. మొదటనున్నవి అవి కావు. ముందు సిద్ధించినదానిని వెనుక వ్రాయుట, వెనుక సిద్ధించినదానిని ముందు వ్రాయుట: పట్టిక వీనితో ప్రారంభమగుచున్నది. సిద్ధింపనిదానిని సిద్ధించినట్లు చూపుట, కొంచెము సిద్ధింపగా అధికముగా చూపుట, ఒకటి సిద్ధింపగా మరియొకటిగా చూపుట తరువాత వచ్చును. పై కథలోని ముప్పదియొక్కటి నలుబదియగుటయు, చీటీలు మారుటయు ఈ పట్టికలోనివే. తేదీ మార్చుటయే చౌర్యములకెల్ల ముంగిలియని ఆయనకు తోచియుండును.

"వెనుక వ్రాయుట"ను గూర్చి ఒకమాట చెప్పవలసియున్నది. ముందు వ్రాయుట తప్పని ఒప్పుకొనువారు సైతము దీనిని తప్పుగా తలపరు. ఈ నెల కావలసినంత అయినది, ఆరు టన్నులు అదనముగా వచ్చినవి, వానిని వ్రాయక అట్టేపెట్టి వచ్చెనెలలో చూపుదము అందురు. పోపులపెట్టెలో గృహిణి దాచు చిల్లరవలె ఇది పొదుపుగా కన్పట్టును. కాని గృహిణి దాచినది ఆమె యింటి ధనము. ఇక్కడ దాచినది ఇతరులు తెలిసికొనవలసిన సంగతి. ఆరు టన్నులు లేవని ఓడ వెలితిగా పోవును. ఆరు టన్నులు షెడ్డులో తుప్పుపట్టుచుండును. ఈ యంత్రము ఇంతే చేయగలదని తప్పుగా నిర్ణయించి, రాబోవు ఆర్డర్లను దానికి తగ్గింతురు. సత్యమును దాచుటకును అసత్యమును పలుకుటకును నడుమ గోడ మనమనుకొన్నంత మందముగా లేదు.

కౌటిల్యుడు సంవత్సరపు లెక్కలన్నియు ఆషాఢ పూర్ణిమకు తెచ్చి చూపవలెనని నియమించినాడు. ఆ పూర్ణిమ విశాఖవాసులకు మరియొక విధముగా పరిచితము. సింహాచలమున వరాహనృసింహస్వామికి సంవత్సరమునందు నాలుగు విడతలుగా చందనము సమర్పింతురు. వైశాఖ శుద్ధ తదియనాడు నిజరూపదర్శనానంతరము మొదటి విడత. వైశాఖ పూర్ణిమకు రెండవది. జ్యేష్ఠ పూర్ణిమకు మూడవది. ఆషాఢ పూర్ణిమకు నాలుగవది. విడతకు మూడు మణుగులు. ఇంచుమించు నూట ఇరువదియైదు కిలోలు. స్వామి లెక్కయు కౌటిల్యుని లెక్కయు ఒకే పూర్ణిమకు ముగియుట కాకతాళీయమే కావచ్చును. తలచుకొనుటకు మాత్రము హృద్యముగా నున్నది.

ఆ చందనము అరగదీయు విధానము చూచినవారికి నమోదు ధర్మమును వేరుగా బోధింపనక్కరలేదు. ఉత్సవమునకు కొన్ని దినములు ముందుగానే సానలపై గంధపుచెక్కల అరగదీత మొదలగును. ఏనాటికానాడు వచ్చిన ముద్దను తూచి భాండాగారమున భద్రపరతురు. ఇది పాక్షికపు నమోదే. ఒకనాడు ముప్పది కిలోలు, ఒకనాడు ఇరువదియైదు. చెక్క గట్టిది కావచ్చును, చేతులు అలసియుండవచ్చును. తక్కువ వచ్చినచో మరునాడు అరగదీయుదురు. మూడు మణుగులు కావలసియున్నవి గనుక మూడు మణుగులు అయినవని ముందుగా వ్రాసికొని ఇంటికి పోవు తలపు ఎవరికిని కలుగదు. ఏలయన తదియనాడు ఆ ముద్ద స్వామి మేనికి అలదవలెను. వ్రాసిన చందనము చల్లదనమునీయదు.

కర్మశాలలోని చువ్వకు ఇట్టి దినము లేదా? కలదు. సంవత్సరమునకు ఒకమారో రెండుమారులో గిడ్డంగులలోని సరుకును నిజముగా లెక్కింతురు. మహత్తరమైనదానిని అల్పమైనదానితో పోల్చుట అపచారము కాకుండుగాక. ఏడాదియంతయు అంకెల పూతక్రింద ఉన్న సరుకు ఆ ఒక్కదినము ఉన్నది ఉన్నట్లుగా కన్పడును. ఆనాడు కొందరు ముఖములు చాటువేయుదురు.

ఇప్పుడు చెప్పబోవునది ఇంతకంటె చిక్కైనది. బొంకువాడే లేకుండ బొంకు పుట్టవచ్చునా? కంప్యూటరు వ్యవస్థలో ఒక సౌకర్యము కలదు. ఇంత సరుకు తయారైనదని వ్రాసినంతనే, దానికి ఇంత ముడిసరుకు ఖర్చయియుండవలెనని ముందుగా ఏర్పరచిన నిష్పత్తినిబట్టి యంత్రమే లెక్కకట్టి గిడ్డంగినుండి తగ్గించివేయును. బ్యాక్‌ఫ్లష్ అని దానిపేరు. ఎవరును తూచరు, ఎవరును చూడరు. బిల్లెట్టును కాల్చినపుడు పైన పెచ్చులు లేచి కొంత పోవును; కొనలు కత్తిరించుటచే కొంత పోవును. ఎంత పోవునో ఒకనాడు ఒకరు నిర్ణయించి వ్రాసినారు. నేడు కొలిమి పాతబడినది, పెచ్చులు ఎక్కువగా లేచుచున్నవి; నిష్పత్తి మాత్రము ఆనాటిదే. దినదినమును లెక్కలో ఒకటి, నేలపై ఒకటి. ఎవరిని అడిగినను "నేను వ్రాయలేదు, అదే వ్రాసికొన్నది" అందురు.

వేదము అపౌరుషేయమని మీమాంసకులు నిరూపించినారు. పురుషుడు వ్రాసినచో భ్రమప్రమాదములు ఉండునుగదా. వ్రాసిన పురుషుడే లేడు గనుక దోషములకు తావులేదని వారి వాదము. బ్యాక్‌ఫ్లష్ లెక్కను చూచి నేటి ఉద్యోగులు ఇట్టి గౌరవమునే చూపుదురు. కంప్యూటరు చెప్పినది గనుక తప్పుండదందురు. జైమిని మహర్షి విన్నచో నవ్వియుండును. ఇది అపౌరుషేయము కాదు. పురుషుడు వ్రాసి, వ్రాసినవానిని మరచిన లెక్క. కర్త కనబడకుండుట వేరు, కర్త లేకుండుట వేరు. ఆ నిష్పత్తిని ఏటేట తూచి సరిచూడవలసినవాడు ఒకడున్నాడు. అతడు ఊరకున్నంతకాలము ప్రతిదినపు బొంకునకును అతడే కర్త. చేతితో ఏమియు చేయలేదని అతడు చెప్పవచ్చును. చేయవలసినది చేయకుండుటయు ప్రత్యవాయహేతువని సంధ్యావందనము మానినవానికి మనవారు చెప్పుదురు, ఇక్కడను అదియే.

ఇక ఫోనుచేసిన పైయధికారి. ద్రోణపర్వమున ధర్మరాజు పలికిన మాట అందరికిని తెలిసినదే. ఏనుగు చచ్చినమాట నిజము. ఏనుగను పదమును మెల్లగా పలుకుటయే దోషమైనది. భూమికి నాలుగు వ్రేళ్ల ఎత్తున నడచు ఆయన రథము నాటినుండి నేలనంటినదందురు. కన్ఫర్మేషన్ తెరపైకూడ అట్టి మెల్లని స్థానమొకటి కలదు, రిమార్కుల గడియందురు. నలుబది వేసి, ఆ గడిలో చిన్న అక్షరములతో "తొమ్మిది రేపు" అని వ్రాసినచో తనకు దోషములేదని భావించువారున్నారు. మొత్తములు కట్టునపుడు యంత్రము ఆ గడిని కలుపదు; తొందరలోనున్నవాడు దానిని తెరువడు. అది యుద్ధభూమిలో శంఖనాదమున మునిగిపోయిన మాట వంటిది.

కాని ధర్మరాజును ఆ మాట పలుకుమని నిర్బంధించినవారుకూడ ఉన్నారుగదా. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, మెచ్చినవాడు నలుగురును ఫలమున భాగస్వాములని పెద్దల మాట. "అయినదా?" అని మాత్రమే అడిగి, "ఎంత అయినది?" అని అడుగని యధికారి తన భాగమును తాను వ్రాసికొనుచున్నాడు. ముప్పదియొక్కటి యని ఉన్నమాట చెప్పినవానిని నలుగురిలో నిలబెట్టి గద్దించి, నలుబదియని వ్రాసినవానిని ఆ నెల ఉత్తమ కార్మికునిగా సన్మానించు కర్మశాలలో అసత్యమును ఎవరును నేర్పనక్కరలేదు. అది గాలిలోనే ఉండును. దిగువవానిని దండించుటకు ముందు ఈ సంగతి తలపోయుట న్యాయము.

వ్రాసిన తప్పును దిద్దుకొనుటకు వ్యవస్థలో మార్గమున్నది. మనము పలకపై బలపపు గీత చెరిపినట్లు దానిని చెరుపుటకు వీలులేదు. నలుబదియని వేసినదానిని రద్దుచేయవలెనన్న, దానికి వ్యతిరేకముగా మరియొక నమోదు చేయవలెను. మొదటిదియు ఉండును, రెండవదియు ఉండును. ఎవడు ఎన్ని గంటలకు వేసెనో, ఎన్ని గంటలకు త్రిప్పెనో అందరును చూడవచ్చును. ఇది యజ్ఞప్రాయశ్చిత్తములకు మిక్కిలి దగ్గరగానున్నది. యజ్ఞమున బ్రహ్మయను ఋత్విక్కు మౌనముగా కూర్చుండి అన్నిటిని కనిపెట్టును. ఒక ఆహుతి తప్పినచో, తప్పలేదని నటింపడు. తప్పిన ఆహుతిని వెనుకకు తీసికొనలేడు. దానికి విహితమైన ప్రాయశ్చిత్తహోమము చేయును. తప్పును, దిద్దుబాటును రెండును ఆ యజ్ఞమునకు చెందినవే. అట్లు దిద్దిన యజ్ఞమును భ్రష్టమందురా? అనరు, సాంగమైనదనియే అందురు. కర్మశాలలలో మాత్రము రద్దుచేసిన నమోదు ఒక మచ్చగా భావింపబడుచున్నది. నెల చివర రద్దులెన్ని యని లెక్కించి సంజాయిషీ అడుగుదురు. అందుచే తప్పు వ్రాసినవాడు దిద్దుకొనుటకు వెరచి, పై కథలోవలె చీటీలు మార్చు దారిని పోవును. ప్రాయశ్చిత్తమును అవమానముగా చేసినచోట పాపమును దాచుటయే లోకరీతియగును.

ఆ తెల్లవారుజామునకు మరల పోదము. రోలు ఇంకను పగులలేదు. అయిదున్నర దాటినది. షిఫ్టు బాధ్యుడు నలుబది వేసి, చొక్కా మార్చుకొని, గేటువరకు పోయి ఆగినాడనుకొందము. వెనుకకు వచ్చి, తెర తెరచి, తాను వేసినదానిని రద్దుచేసి, ముప్పదియొక్కటి వేసి, పాక్షికమని గుర్తు పెట్టినాడు. తిట్లు తప్పవని అతనికి తెలియును. అప్పుడే లోనికి వచ్చిన పగటి షిఫ్టువాడు, అతనికంటె వయసున చిన్నవాడు, భుజముమీదుగా తెరవైపు చూచినాడు.

"తొమ్మిది ఉన్నాయన్నమాట అన్నా?"

"ఉన్నాయి తమ్ముడూ. బిల్లెట్లు కొలిమి పక్కన పెట్టించాను. మూడో స్టాండు దగ్గర చప్పుడు తేడాగా ఉంది, ఒకసారి చూసుకుని మొదలుపెట్టు."

చిన్నవాడు తల ఊపి, టోపీ పెట్టుకొని, మూడవ స్టాండు వైపు నడచెను.